స్ప్రింగ్ బ్రేక్ క్రూజ్: గదికి నలుగురు చొప్పున ఎక్కే ఓడ

రాయల్ కరీబియన్ కంపెనీకి చెందిన ఐకాన్ ఆఫ్ ద సీస్ 2024 జనవరిలో మయామీ నుంచి తిరగడం మొదలుపెట్టింది. ఆ ఓడలో ఎంతమంది పడతారని వెతికితే రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకచోట 5,610 అని, ఇంకోచోట 7,600 అని ఉంటుంది. రెండూ నిజమే. మొదటిది గదికి ఇద్దరు చొప్పున వేసిన లెక్క. సోఫాలు పరుపులుగా మార్చి, గోడకు మడిచిన బెర్తులు కిందికి దించి, ఉన్న ప్రతి పడకా నింపితే వచ్చేది రెండో లెక్క. పిల్లలు బడిలో ఉండే సెప్టెంబరులో ఎక్కువ గదుల్లో ఇద్దరే ఉంటారు. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్, అంటే అమెరికా బడులు, కాలేజీల వసంతకాలపు సెలవులు, వచ్చేసరికి అవే గదుల్లోకి ముగ్గురు, నలుగురు చేరతారు, ఓడ రెండో అంకె వైపు జరుగుతుంది. సిబ్బంది సుమారు 2,350 మంది. మొదటి లెక్క ప్రకారం ఒక్కో ఉద్యోగి ఇద్దరు, రెండున్నర మందిని చూసుకుంటే చాలు. రెండో లెక్కకు వస్తే ముగ్గురి పైమాటే. ఈతకొలనులు ఏడే ఉంటాయి, లిఫ్టులూ అవే.

స్ప్రింగ్ బ్రేక్ క్రూజ్‌లో ఎదురయ్యే చాలా విషయాలు ఈ తేడాలోంచే పుడతాయి. టికెట్ ధర, అల్పాహారం దగ్గర క్యూ, పూల్ పక్కన కుర్చీ దొరకకపోవడం, పిల్లల క్లబ్బు నిండిపోవడం, అన్నిటికీ మూలం గదికి నలుగురు కావడమే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరికి బస్సెక్కినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బస్సు అదే, దారి అదే, ఆ వారంలో ప్రయాణం మాత్రం వేరు. అది తెలిసి ఎక్కితే హాయిగా ఉంటుంది. జనవరిలో వెళ్లొచ్చిన స్నేహితుల ఫొటోలు చూసి, మార్చిలోనూ అలాగే ఉంటుందనుకుని ఎక్కితే మొదటి రోజే నిరాశ.

అసలు స్ప్రింగ్ బ్రేక్ అన్నది ఒక్క వారం కాదు. అమెరికాలో ఏ యూనివర్సిటీ సెలవు దానిది, ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ సెలవు దానిది. ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ మధ్య దాకా ఈ సెలవులు ఒకదాని వెనక ఒకటి సాగుతాయి. టెక్సాస్‌లో చాలా స్కూళ్లకు మార్చి రెండు, మూడు వారాల్లో వస్తుంది. న్యూజెర్సీ, న్యూయార్క్ వైపు చాలాచోట్ల ఈస్టర్‌కు అటూ ఇటూ ఇస్తారు. కాలేజీ పిల్లల రద్దీ మార్చి మధ్యలో ఎక్కువ. కాబట్టి డాలస్ కుటుంబం టెక్సాస్‌లోనే ఉన్న గాల్వెస్టన్ రేవు నుంచి మార్చి మధ్యలో ఎక్కితే, తమ పిల్లల స్కూల్లో సగం మంది అదే ఓడలో ఉన్నట్టు అనిపిస్తుంది. అదే కుటుంబం ఫ్లోరిడా రేవుకు వెళ్లినా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే ఆ వారం ఇంకా చాలా రాష్ట్రాలకు సెలవే. ఈస్టర్ ఏ తేదీన వస్తుందో కూడా చూసుకోవాలి. 2027లో ఈస్టర్ మార్చి 28. అంత ముందుగా వచ్చిన ఏడాది ఈస్టర్ సెలవులు, మార్చి సెలవులు దగ్గర దగ్గరగా పడి రద్దీ కొద్ది వారాల్లోనే కుదించుకుపోతుంది. ఈస్టర్ ఏప్రిల్ మధ్యకు జరిగిన ఏడాది కాస్త పలచబడుతుంది.

ధర సంగతికొస్తే, క్రూజ్ టికెట్ విమానం టికెట్ లాంటిదే. గదులు నిండేకొద్దీ పెరుగుతుంది. స్ప్రింగ్ బ్రేక్ వారాల్లో ముందుగా అయిపోయేవి నలుగురు పట్టే గదులు. ఓడలో చాలా గదులు ఇద్దరికో ముగ్గురికో సరిపోయేవే. నాలుగు పడకలున్న గదులు, పక్కపక్కనే ఉండి మధ్యలో తలుపు ఉన్న జంట గదులు తక్కువ. ఇద్దరు పిల్లలున్న కుటుంబాలన్నీ ఒకే వారంలో వాటి మీదే పడతాయి. అందుకే వచ్చే మార్చి ప్రయాణాన్ని చాలామంది ఈ ఏడాది వేసవిలోనే బుక్ చేసుకుంటారు. అదేమీ తొందరపాటు కాదు.

ఇక్కడ చాలామందికి అర్థంకాని చిక్కు ఒకటుంది. వెబ్‌సైట్‌లో గది ఖాళీగా కనిపిస్తుంది, ఇద్దరికి ఇస్తుంది, నలుగురని కొట్టగానే లేదంటుంది. గదిలో పడకలున్నా ఎందుకు ఇవ్వరు? ఓడలో ప్రతి గదికీ ఒక మస్టర్ స్టేషన్ కేటాయించి ఉంటుంది. ప్రమాదం వస్తే ఆ గదివాళ్లు అక్కడే చేరాలి. ఆ స్టేషన్ కింద ఉన్న లైఫ్‌బోట్లలో ఎంతమందికి చోటుంటే అంతమందికే ఆ వైపు గదులు అమ్మాలి. ఆ లెక్క నిండిపోతే గదిలో మూడో పడక ఖాళీగా ఉన్నా మనిషిని ఎక్కించుకోరు. మామూలు రోజుల్లో ఈ హద్దు దాకా రాదు కాబట్టి ఎవరికీ తెలియదు. స్ప్రింగ్ బ్రేక్‌లో వస్తుంది. అలాంటప్పుడు ఓడలో ఇంకో వైపున్న గది ప్రయత్నిస్తే దొరకవచ్చు, లేదా రెండు గదులు తీసుకోవాల్సి రావచ్చు. ఇది ప్రాణాలు కాపాడే నిబంధన. విసుగొచ్చినా మంచికే.

మొత్తం డబ్బు సాధారణంగా 75 నుంచి 90 రోజుల ముందు కట్టేయాలి. మార్చి ప్రయాణానికి అది డిసెంబరు ప్రాంతంలో పడుతుంది. ఆ గడువు దగ్గర కొందరు మానుకుంటారు, అప్పుడు కొన్ని గదులు మళ్లీ అమ్మకానికి వస్తాయి. కాకపోతే ఆఖరి నిమిషంలో చవగ్గా వస్తుందన్న ఆశ ఈ వారాలకు పెట్టుకోకపోవడం మేలు. మూడో, నాలుగో వ్యక్తికి టికెట్ తక్కువే ఉంటుంది కానీ రేవు రుసుములు, పన్నులు, టిప్పులు తగ్గవు. టిప్పు ఒక్కటే మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు, పిల్లలకూ పడుతుంది. ఏడు రాత్రులకు నలుగురి లెక్క కడితే 450 డాలర్ల దగ్గర మొదలై 560 దాకా పోతుంది. మొదట కనిపించిన ధర పక్కన దీన్నీ రాసుకుని చూడాలి.

స్ప్రింగ్ బ్రేక్ అనగానే తాగి గోల చేసే కాలేజీ పిల్లలే కళ్లముందు మెదులుతారు. ఆ భయం కొంత పాతది. 1930ల్లో కోల్‌గేట్ యూనివర్సిటీ ఈత జట్టు సాధన కోసం ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌కు వచ్చింది. ఆ దారినే మిగతా విద్యార్థులూ వచ్చారు. 1980ల నడిమికి ఆ ఊరు మోయలేనంత మంది అయ్యారు, ఊరే వద్దని చెప్పాల్సి వచ్చింది. 2024లో మయామీ బీచ్ నగరం కూడా స్ప్రింగ్ బ్రేక్‌తో తెగతెంపులు అంటూ ప్రకటనలు ఇచ్చింది. ఓడల్లో మాత్రం ఆ గుంపు రాకుండా వయసు నిబంధన అడ్డుకట్ట వేస్తుంది. అమెరికా రేవుల నుంచి బయల్దేరే రాయల్ కరీబియన్ ఓడల్లో గదికి ఒక్కరైనా 21 ఏళ్లు నిండినవాళ్లు ఉండాలి. కార్నివాల్ అనే ఇంకో కంపెనీ ఓడల్లో 21 లోపు వాళ్ల వెంట 25 ఏళ్లు నిండిన బంధువో సంరక్షకుడో ఉండాలి. మద్యం 21 నిండితేనే. కాబట్టి 19 ఏళ్ల కుర్రాళ్లు పదిమంది కలిసి గదులు తీసుకోవడం ఈ ఓడల్లో కుదరదు.

అయినా ఏ ఓడ ఎంచుకున్నామన్నదాన్ని బట్టి వాతావరణం మారుతుంది. మయామీ, పోర్ట్ కెనావరల్, గాల్వెస్టన్ నుంచి మూడు నాలుగు రాత్రులు తిరిగే చవక ఓడల్లో కుర్రకారు ఎక్కువ. ఏడు రాత్రులవి కుటుంబాలవి. పది రాత్రులు దాటినవాటిలో పెద్దవాళ్లు కనిపిస్తారు. పిల్లల సందడే వద్దనుకునేవాళ్లకు 18 దాటినవాళ్లనే ఎక్కించుకునే వర్జిన్ వాయేజెస్ లాంటి కంపెనీలు ఉన్నాయి. నిజానికి ఏడు రాత్రుల పెద్ద ఓడలో ఇబ్బంది పెట్టేది కాలేజీ పిల్లలకన్నా, అర్ధరాత్రి గుంపులుగా లిఫ్టుల్లో, వరండాల్లో తిరిగే 13, 14 ఏళ్ల పిల్లలు. అందుకే కార్నివాల్ రాత్రి ఒంటిగంట తర్వాత 17, ఆ లోపు వయసు పిల్లలు పెద్దవాళ్లు లేకుండా బయట తిరగకూడదని నిబంధన పెట్టింది. ఓడ మూసి ఉన్న చోటే కదా అని పిల్లల్ని పూర్తిగా వదిలేయకూడదు. ఎక్కడ కలవాలి, ఎన్నింటికి గదికి రావాలి అన్నది మొదటి రోజే మాట్లాడుకోవాలి. చిన్నపిల్లల విషయంలో ఇంకో మాట: లైఫ్‌గార్డులు అన్ని ఓడల్లోనూ ఉండరు. కిక్కిరిసిన పూల్‌లో నీళ్లలో ఉన్న బిడ్డ మీద నుంచి చూపు తిప్పకూడదు.

ఓడలో రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. రద్దీ అన్ని గంటల్లో ఒకేలా ఉండదు. రేవులో ఆగకుండా సముద్రంలోనే సాగే రోజున ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా పై డెక్కు మీద కాలు పెట్టే చోటుండదు. తువ్వాలు పరిచి కుర్చీ ఆపుకునేవాళ్లతో గొడవలు ఈ సమయంలోనే. మనిషి లేని కుర్చీలో సామాన్లు అరగంట, 40 నిమిషాలు దాటితే తీసేస్తామని కంపెనీలు చెబుతాయి, అంత రద్దీలో ఎంత పాటిస్తారన్నది వేరే సంగతి. నీటి జారుడుబల్లలు ఎక్కాలనుకునే పిల్లలకు మంచి అవకాశం రేవులో ఆగిన రోజు. అందరూ ఊళ్లోకి దిగిపోతారు, ఓడ ఖాళీ అవుతుంది. బహామాస్‌లోని నాసావ్ రేవు ఒకసారి చూసినవాళ్లు రెండోసారి ఓడలోనే ఉండిపోయి పూల్ అంతా తమదే అన్నట్టు గడపడం చాలా తెలివైన పని. ఓడెక్కిన మొదటి మధ్యాహ్నం కూడా అంతే, అందరూ బఫేలో ఉంటారు, జారుడుబల్లలు ఖాళీ.

పిల్లల క్లబ్బులు టికెట్‌లోనే కలిసి ఉంటాయి. చాలావాటిలో మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లలనే తీసుకుంటారు. కార్నివాల్‌లో రెండేళ్ల నుంచి తీసుకుంటారు. డైపర్ వేసుకునే పిల్లలు మామూలు పూల్‌లోకి దిగకూడదు, ఈత డైపర్ వేసినా సరే. ఇది అమెరికా ప్రజారోగ్య శాఖ నిబంధన. వాళ్ల కోసం ప్రత్యేకంగా నీళ్లు చిమ్మే చోటు కొన్ని ఓడల్లోనే ఉంటుంది, ఏడాదిన్నర బిడ్డ ఉన్నవాళ్లు అది చూసుకుని ఓడ ఎంచుకోవాలి. ఇంత మంది పిల్లలు ఒక్కచోట చేరినప్పుడు వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ భయం ఉంటుంది. దానికి చేతికి రాసుకునే శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బుతో కడుక్కోవడమే మార్గం, బఫేకు వెళ్లిన ప్రతిసారీ.

తిండి విషయంలో తెలుగువాళ్లు ఎక్కువ టెన్షన్ పడతారు కానీ అంత అవసరం లేదు. వంటగదుల్లో, భోజనశాలల్లో భారతీయ సిబ్బంది చాలామంది ఉంటారు. పెద్ద కంపెనీలన్నీ భారతీయ శాకాహార భోజనం ఇస్తాయి. చేయాల్సింది బుక్ చేసేటప్పుడే చెప్పడం, మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌తో మాట్లాడటం. ముందురోజు చెబితే మర్నాటికి పప్పు, కూర, అన్నం, రోటీ వస్తాయి. స్ప్రింగ్ బ్రేక్‌లో వంటగది మీద భారం ఎక్కువ కాబట్టి అప్పటికప్పుడు అడిగితే దొరకడం కష్టం. రాత్రి భోజనానికి ఐదున్నర, ఆరు గంటల బంతి కుటుంబాలతో ముందే నిండుతుంది. మనవాళ్లకు ఎలాగూ ఎనిమిది గంటల బంతే అలవాటు, అది తేలిగ్గా దొరుకుతుంది. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె మాత్రం పెట్టెలో పెట్టకూడదు. అగ్నిప్రమాదం భయంతో ఓడెక్కేటప్పుడే తీసేసుకుంటారు. ఇంట్లో వండిన వంటలూ అనుమతించరు. సీలు తీయని పొడి, పచ్చడి ప్యాకెట్లతో సాధారణంగా ఇబ్బంది రాదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఈ సెలవుల్లోనే క్రూజ్‌కు తీసుకెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. పదేళ్ల విజిటర్ వీసా చెల్లుతూ ఉంటే వీసా పరంగా సమస్య తక్కువ. అసలు చూసుకోవాల్సింది ఆరోగ్య బీమా. ఓడలోని వైద్యశాలలో ఖర్చు అక్కడికక్కడే మన ఖాతాలో పడుతుంది, సముద్రం మధ్య నుంచి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఆ ఖర్చు భరించలేనిది. విజిటర్లకు తీసుకున్న బీమా అమెరికా నేల దాటాక పనిచేస్తుందా అని పాలసీ కాగితంలో చదివి తీరాలి. మందులు చేతిసంచిలోనే ఉంచాలి. ఎక్కేటప్పుడు ఇచ్చిన పెద్ద పెట్టెలు సాయంత్రానికి గానీ గదికి రావు.

వాతావరణం అనుకూలమే. తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా కాబట్టి ఆ భయం లేదు. బహామాస్‌లో మార్చి గాలి ఒక్కోసారి చల్లగా ఉంటుంది, ఉత్తరం నుంచి గాలి వీస్తే చిన్న దీవుల దగ్గర ఓడ ఆగలేక దాటిపోతుంది. గాల్వెస్టన్‌లో చలికాలం నుంచి వసంతం దాకా సముద్రపు పొగమంచు ఓడల్ని గంటల తరబడి ఆపేస్తుంది. తిరుగు విమానం మధ్యాహ్నం తర్వాతే ఉండాలి, వచ్చేటప్పుడు ముందురోజే రేవున్న ఊరికి చేరాలి. ప్రయాణికుల జాబితాను ఓడ బయల్దేరడానికి గంట ముందే కంపెనీ అమెరికా ప్రభుత్వానికి పంపాలి, కాబట్టి ఆలస్యంగా వచ్చినవాళ్లను కళ్లముందు ఓడ ఉన్నా ఎక్కించుకోరు.

ఇక అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది కాగితాల సంగతి. ఫ్లోరిడాలో ఎక్కి ఫ్లోరిడాలోనే దిగుతాం కదా అన్న ధీమా చాలామందిలో ఉంటుంది. అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల ఓడల చట్టం ఒకటి ఇంకా అమల్లో ఉంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పకూడదని దాని సారం. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండాలతో తిరుగుతాయి. అందుకే మూడు రాత్రుల చిన్న ప్రయాణమైనా ఏదో ఒక విదేశీ రేవును తాకాల్సిందే. క్రూజ్ కంపెనీల సొంత దీవులైన కోకోకే, కాస్టవే కే లాంటివి కూడా బహామాస్ దేశంలోవే. తిరిగి వచ్చి దిగేటప్పుడు అది విదేశం నుంచి అమెరికాలోకి కొత్తగా రావడమే, విమానంలో వచ్చినట్టే.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు చెల్లుతున్నవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. చిక్కంతా స్టాంపు గడువు దాటిపోయి, వీసా హోదా మంజూరైందని తెలిపే ఐ797 కాగితం మీద, ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే ఐ94 రికార్డు మీద ఉంటున్న హెచ్‌1బి (ఉద్యోగ వీసా), హెచ్‌4 (వాళ్ల భార్యాభర్తలు, పిల్లల వీసా) కుటుంబాలకు. ఎఫ్‌1 విద్యార్థి వీసా మీద వచ్చి ఇక్కడే హెచ్‌1బికి మారి, పాస్‌పోర్ట్‌లో కొత్త వీసా వేయించుకునే స్టాంపింగ్‌కు ఒక్కసారి కూడా వెళ్లనివాళ్లదీ ఇదే పరిస్థితి. ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే నిబంధన వీళ్లకు కొంత ఊరట. 30 రోజులకు మించకుండా కెనడాకో మెక్సికోకో వెళ్లి, చెల్లే ఐ94తో తిరిగొస్తే పాత స్టాంపు చెల్లుతున్నట్టే లెక్క, ఆ ప్రయాణంలో కొత్త వీసాకు దరఖాస్తు చేయకూడదు. హెచ్‌1బి వాళ్లకు ఈ వెసులుబాటు ఆ రెండు దేశాలకే. బహామాస్ అందులో లేదు. ఎఫ్‌1 విద్యార్థులకు మాత్రం క్యూబా తప్ప బహామాస్, జమైకా లాంటి దగ్గరి దీవులు కూడా వర్తిస్తాయి. ఒకే ఓడలో ఎఫ్‌1 తమ్ముడికి తిరిగి రావడానికి అర్హత ఉండి, హెచ్‌1బి అన్నయ్యకు లేకపోవచ్చు.

గాల్వెస్టన్ నుంచి వెళ్లే ఓడల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. నాలుగైదు రాత్రుల ప్రయాణాల్లో చాలావి కోజుమెల్, ప్రొగ్రెసో లాంటి మెక్సికో రేవులకే వెళతాయి. ఏడు రాత్రులవి కోజుమెల్‌తో పాటు హోండురాస్‌లోని రోవతాన్‌నో, బెలీజ్‌నో తాకుతుంటాయి. అవి మెక్సికోలోవి కావు, నిబంధనలో చెప్పిన దగ్గరి దీవుల జాబితాలోనూ లేవు. పేరు వెస్టర్న్ కరీబియన్ అనే ఉంటుంది, మధ్యలో ఆ ఒక్క రేవు ఉన్నందుకు తిరుగు ప్రవేశం ప్రమాదంలో పడుతుంది. కాబట్టి రేవుల పేర్లు ఒక్కొక్కటీ చదవాలి. ఆయా దేశాలు భారత పాస్‌పోర్ట్‌కు వీసా అడుగుతాయా అన్నది మళ్లీ వేరే ప్రశ్న, దానికి క్రూజ్ కంపెనీ నుంచి ఈమెయిల్‌లో జవాబు తీసుకుని వెంట ఉంచుకోవాలి. ఎక్కేచోట కౌంటర్‌లో ఉండేవాళ్లకు ఆటోమేటిక్ రీవాలిడేషన్ నిబంధన తెలియకపోవచ్చు. ఐ797, ఐ94 ప్రతులు, క్రూజ్ కంపెనీ ఇచ్చిన జవాబు చేతిలో ఉంటే మాట్లాడటం తేలిక. తిరిగి వచ్చాక చివరి నిర్ణయం రేవులోని అధికారిదే. 2025 సెప్టెంబరు నుంచి వీసా ఇంటర్వ్యూలు సొంత దేశంలోనో, ఉంటున్న దేశంలోనో చేసుకోవాలని అమెరికా విదేశాంగ శాఖ చెప్పడంతో మెక్సికోలోనో కెనడాలోనో స్టాంపింగ్ పూర్తిచేసుకునే దారి మన హెచ్‌1బి వాళ్లకు మూసుకుపోయింది. అటు ఇరుక్కుంటే ఇండియాకే వెళ్లాలి. ఏడు రోజుల సెలవు కోసం ఉద్యోగాన్ని, పిల్లల చదువును పణంగా పెట్టే పరిస్థితి రాకూడదు. సందేహం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే డబ్బు కట్టాలి.

విద్యార్థులకు ఇంకో హెచ్చరిక అవసరం. తాము చదివే రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే కావచ్చు, ఓడల్లో మాత్రం పూర్తిగా నిషేధం. దాంతో చేసిన గమ్మీలకూ అదే నియమం. రేవుల్లో పోలీసు కుక్కలు తిరుగుతాయి, అక్కడ నడిచేది ఫెడరల్ చట్టం. అమెరికా పౌరుడైన స్నేహితుడికి జరిమానాతో పోయేది, ఎఫ్‌1 విద్యార్థికి వీసా పోయేదాకా వెళ్లగలదు. వేరేవాళ్ల సంచి మోయకపోవడం కూడా ఇందులో భాగమే.

స్టాంపు లేని కుటుంబానికి ఓడ ప్రయాణమే లేదా అంటే, ఒకటుంది. నార్వీజియన్ క్రూజ్ లైన్ అనే కంపెనీ నడిపే ప్రైడ్ ఆఫ్ అమెరికా ఓడకు అమెరికా జెండా ఉంది, అందుకని విదేశీ రేవు తాకాల్సిన పని లేదు. హోనొలులు నుంచి బయల్దేరి ఏడు రాత్రులు హవాయి దీవుల్లోనే తిరుగుతుంది. మావీలో ఒక రాత్రి, కవాయిలో ఒక రాత్రి ఆగుతుంది, హీలో, కోనా రేవులు చూపిస్తుంది. అమెరికా దాటదు కాబట్టి తిరిగి ప్రవేశించడమన్న ప్రశ్నే రాదు. 2005లో వచ్చిన ఓడ, సుమారు 2,200 మంది పడతారు. హవాయి చట్టం జూదాన్ని ఒప్పుకోదు కాబట్టి క్యాసినో లేదు. కొత్త ఓడల్లో ఉండే భారీ వాటర్ పార్కుల కోసం ఎదురుచూసే పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లాలి. విమానం ఖర్చు కలిపితే కరీబియన్ కన్నా ఎక్కువే అవుతుంది, మార్చిలో ఇదీ నిండుతుంది. అగ్నిపర్వతాల పార్కు ఉన్న పెద్ద దీవిలో రెండు రేవుల్లో ఆగుతుంది కాబట్టి, హీలోలో దిగిన రోజును ఆ పార్కుకే కేటాయించుకుంటే మంచిది, అక్కడికి కారులో ముప్పావు గంట.